నేనన్నట్టే ఓడిపోయారు, అయినా మావాడు ఫోన్ ఎత్తడం లేదు

సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. పేరు వద్దన్నారు. ఊళ్ళో ఫుట్‌బాల్ చూసేవాళ్ళే కొద్దిమంది, ఇట్టే పోల్చుకుంటారట. ఉత్తరం ఆరు పేజీలు, అందులో సగం స్కోర్లు. స్కోర్లు కొన్ని తగ్గించి, మనుషుల సంగతి ఉంచి చెబుతాను.

ఈయనకూ స్నేహితుడికీ ఆరో తరగతి నుంచి సావాసం. ఒకే గ్రౌండులో మోకాళ్ళు పగలగొట్టుకున్నారు. ఈయన సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోయారు. స్నేహితుడు ఆట వదల్లేదు. కోచింగ్ లైసెన్సు తెచ్చుకుని, ఇంటికి దగ్గర్లో ఒక మట్టి గ్రౌండులో పొద్దున్నా సాయంత్రం ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఫీజు ఇచ్చుకోలేని పిల్లల దగ్గర అడగడు. ఈయన పదకొండేళ్ళ కొడుకు నేర్చుకునేదీ అక్కడే.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మొదలైనప్పుడు ఇద్దరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఇప్పుడందులో అరవై మంది. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌కు సికింద్రాబాద్‌లో రైలెక్కి గోవా వెళ్ళారు. ఫతోర్డా స్టేడియంలో మనవాళ్ళు ఇక ఓడినట్టే అనుకుంటుంటే, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కేరళ మీద గెలిచి కప్పు తెచ్చుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారట. ఆ టీము కోచ్ మనోలో మార్కెజ్, స్పెయిన్ మనిషి. గ్రూపులో అప్పటినుంచీ ఒకటే మాట: మనోలో అంటే మనోడే.

2024 జూలైలో ఆ మనోలోనే ఇండియా టీముకు కోచ్ అయ్యాడు. మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలోనే, మారిషస్ మీద. గోల్ లేకుండా ముగిసింది. ఆ తర్వాతా పెద్దగా కలిసిరాలేదు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. 2025 జూలైలో తప్పుకున్నాడు. కొత్త కోచ్ కోసం ఫెడరేషన్ ప్రకటన ఇస్తే 170 దరఖాస్తులు వచ్చాయి. మధ్యలో బార్సిలోనా మాజీ కోచ్ షావి కూడా అప్లై చేశాడని ఒక వార్త. మన పాఠకుడు ఆ రాత్రే గ్రూపు ఫొటో మార్చి షావి బొమ్మ పెట్టారు. తెల్లారేసరికి ఆ మెయిల్ దొంగదని తేలింది. చివరికి ఆగస్టు 1న ప్రకటించిన పేరు మన దేశపు కోచ్ ఖాలిద్ జమీల్.

ఈయనకు మండింది. నిమిషం నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టారు. మే నెలలో సూపర్ కప్ ఫైనల్లో, ఇండియాతో పాటు అప్పట్లో మనోలో నడిపిన గోవా క్లబ్బు చేతిలో మూడు గోల్స్ తిన్న కోచ్‌నే తెచ్చి మనోలో కుర్చీలో కూర్చోబెట్టారన్నది మొదటి పాయింటు, ఈ కోచ్‌తో ఇండియా ఓడిపోతుందన్నది రెండోది. దానికి స్నేహితుడు, “మనోలో మనోడైండు, మనోడు మాత్రం పరాయోడైండా? మీకు తెల్లతోలుంటెనే కోచ్ లెక్క గొడ్తడా?” అని రాశాడు. దాని మీద ఈయన అన్న మాటను ఉత్తరంలో ఉన్నట్టే ఇస్తున్నాను: “పిల్లలతోని కోన్ల చుట్టూ ఉరికిపిచ్చెటోళ్ళంత కోచ్‌లనుకుంటే దేశం గిట్లనే ఉంటది.”

స్నేహితుడు జవాబివ్వలేదు. పది నిమిషాల్లో గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 14న అదే ఫతోర్డాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఇండియా ఆసియా కప్ అవకాశం పోగొట్టుకుంది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఆ రాత్రి ఈయన గ్రూపులో ఒకే ఒక్క మాట పెట్టారు. “చెప్పానా?” ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుడికి పంపారు. అప్పటినుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు. “కొన్నాళ్ళు ఆగుదాం” అని ఈయన కొడుకును కూడా గ్రౌండుకు పంపడం మానేశారు. పిల్లాడు గొడవ చేయలేదు. ప్రతి శనివారం సాయంత్రం మాత్రం బంతికి గాలి కొట్టుకుని, బొటనవేలు దగ్గర టేపు చుట్టిన బూట్లు బ్యాగులో సర్ది గుమ్మం పక్కన పెడుతున్నాడట. ఆదివారం సాయంత్రం మళ్ళీ అటక మీదికి ఎక్కిస్తున్నాడట. ఒకప్పుడు సిటీ లీగ్‌లో ఆడిన డెబ్బై ఆరేళ్ళ తండ్రి స్నేహితుడి వైపు. భార్య కూడా అటే.

ఈయన అడిగేది: “నేనన్నది జరిగింది కదా, మరి తప్పు నాదెట్లా అయింది? వాడితో మళ్ళీ మాట కలిసే దారి ఉందా? గ్రూపు అడ్మిన్‌గా ఉండాలా, దిగిపోవాలా?”

—

అయ్యా, మీ ఉత్తరం చదివాక మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని స్కోర్లన్నీ సరిచూసుకున్నాను. మీ లెక్క తప్పలేదు. కానీ ఒక లెక్క మీరు వేయలేదు. ఆసియా కప్ క్వాలిఫైయర్లలో ఇండియా అప్పటిదాకా ఆడిన అయిదు మ్యాచ్‌ల్లో మొదటి రెండు మీ మనోలో హయాంలోవి. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీతో 0-1. అంటే ఒక పాయింటు. తర్వాతి మూడూ జమీల్‌వి. సింగపూర్‌లో 1-1, ఆ తర్వాత మీరు చెప్పిన రెండు ఓటములు. అక్కడా ఒక పాయింటే. స్పెయిన్ నుంచి వచ్చినాయనకు ఒకటి, మన దేశపు ఆయనకు ఒకటి. ఎవరు కోచ్ అయినా గోల్ కొట్టేవాడు కావాలిగా! 2024 జూన్‌లో దండలేసి సాగనంపిన కెప్టెన్ సునీల్ ఛెత్రీని, నలభై ఏళ్ళ వయసులో, 2025 మార్చిలో మళ్ళీ పిలుచుకోవాల్సి వచ్చిందంటే కొరత ఎక్కడుందో మీకు నేను చెప్పాలా? మన క్లబ్బుల్లో ముందు వరసలో గోల్స్ కొట్టే చోటు విదేశీ ఆటగాళ్ళదే. పైగా జమీల్ వచ్చేనాటికి ఐఎస్ఎల్ అసలు జరుగుతుందో లేదో తెలియని పరిస్థితి. మ్యాచ్‌లు లేని ఆటగాళ్ళను నాలుగు రోజులు శిబిరంలో పెట్టి ఏ కోచ్ ఏం చేస్తాడు?

కాబట్టి మీరు ఓటమిని ఊహించారు, నిజమే. ఆ ఊహకు మీరు చెప్పిన కారణం మాత్రం రుజువు కాలేదు. “చెప్పానా?” అని గుండెమీద చెయ్యి వేసుకుని అడగగలిగే మాట మీ వాయిస్ మెసేజ్‌లో ఎంతుందో ఇంకోసారి విని చూడండి. ఉంటే ఉండనీయండి. నేను జమీల్ తరఫు వకీలును కాను. ఆయన వచ్చీ రాగానే కాఫా నేషన్స్ కప్ టోర్నీలో తజికిస్తాన్‌ను వాళ్ళ గడ్డ మీదే ఓడించి, ఒమన్‌ను పెనాల్టీల్లో దాటి మూడో స్థానం తెచ్చినప్పుడు మీ గ్రూపు ఏమన్నదో ఉత్తరంలో లేదు. బహుశా ఏమీ అనలేదేమో!

ఇంతకీ మీ స్నేహితుడు ఫోన్ ఎత్తకపోవడానికి ఈ లెక్కలేవీ కారణం కాదు. రేపు ఇండియా వరుసగా పది మ్యాచ్‌లు ఓడినా, పది గెలిచినా ఆయన ఎత్తడు. ఆయనకు తగిలింది జమీల్ మీద మీరన్న మాట కాదు, కోన్ల మాట. అరవై మంది వింటుండగా, ఏళ్ళ తరబడి ఆయన చేస్తున్న పనిని మీరు ఒక్క వాక్యంలో తీసిపారేశారు. అన్నది కూడా ఎవరు? కొడుకును ఆ కోన్ల దగ్గరికే పంపుతున్న మనిషి. మీరు ఇన్నాళ్ళూ లోపల ఇదే అనుకుంటూ ఫీజు కడుతున్నారా అన్న అనుమానం ఆయనకు వచ్చి ఉంటుంది. నాకైతే వచ్చేది.

జమీల్ ఎంపిక ఆయనకు ఎందుకంత పెద్ద విషయమైందో ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. 2012లో సావియో మెదీరా దిగిపోయాక పదమూడేళ్ళపాటు ఆ కుర్చీలో పూర్తికాలానికి మన దేశస్థుడు కూర్చోలేదు. మట్టి గ్రౌండులో ఈలపట్టుకుని నిలబడేవాడికి పైన ఒక మెట్టు ఉందని కూడా తెలియని పదమూడేళ్ళు అవి. జమీల్ పేరు తెచ్చుకున్నది కూడా పెద్ద క్లబ్బుతో కాదు. 2016-17లో మిజోరం నుంచి వచ్చిన ఐజ్వాల్ లాంటి చిన్న టీమును ఐ-లీగ్ అనే దేశవాళీ లీగ్‌లో విజేతను చేసిన మనిషి. అలాంటివాడికి దేశం టీము అప్పజెప్పారంటే, మీ స్నేహితుడికి అది వార్త కాదు, తన ఇంట్లో శుభకార్యం. మీరు వెళ్ళి భోజనాల దగ్గర పేచీ పెట్టారు.

మీ వైపు కూడా ఒకటుంది, అది మీరు రాయలేదు, నాకు కనిపించింది. హైదరాబాద్ ఎఫ్‌సీ కొన్నేళ్ళుగా చితికిపోతూ వచ్చి, చివరికి 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది. గచ్చిబౌలి స్టేడియం మెట్ల మీద కూర్చున్న సాయంత్రాలు, ఆ పసుపు జెర్సీ, గోవా రైలు, అన్నీ మెల్లగా పాత ఫొటోలైపోయాయి. ఆ రోజుల్లోంచి మీ దగ్గర మిగిలింది మనోలో ఒక్కడు. ఆయనా ఇండియా టీము నుంచి దిగిపోయాక, ఆ చోటికి ఎవరొచ్చినా మీకు పరాయివాడిగానే కనిపించేవాడు. షావి బొమ్మ పెట్టుకున్న మర్నాడే అది ఉత్తిదని తేలడం ఇంకో దెబ్బ. ఆ కోపం మీరు ఎవరి మీద చూపాలో తెలియక పక్కనున్నవాడి మీద చూపారు. మనం ఎప్పుడూ చేసేది అదేగా, ఆఫీసులో పడ్డ తిట్లకు ఇంట్లో గిన్నెలు మోగుతాయి.

మీ స్నేహితుడు కూడా పూర్తిగా ఉత్తముడేమీ కాదు. ‘తెల్లతోలు’ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. గోవాలో మనోలో కోసం కంటనీరు పెట్టుకున్న ఇద్దరిలో ఆయనా ఒకడు. అప్పుడు తోలు రంగు గుర్తు రాలేదు కదా. కోచ్ మన దేశస్థుడైతే చాలు, తక్కినవన్నీ వాటంతటవే వస్తాయన్న వాదన కూడా నాకు ఎక్కదు. ఆ మాట ఆయనకు చెప్పే హక్కు మీకుంది, ఈ నెల మాత్రం కాదు.

మీ నాన్నగారి సంగతి. ఆయన ‘రహీం సాబ్’ పేరెత్తి మీ నోరు మూయిస్తున్నారని రాశారు. 1962లో ఆయన పదమూడేళ్ళ పిల్లాడు, జకార్తా ఫైనల్ కబురు ఎలా వచ్చిందో, బస్తీ ఎలా ఊగిపోయిందో ఇప్పటికీ చెబుతారట. చెప్పనీయండి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పుకున్న మాస్టారు, సిటీ పోలీసు టీముకు కోచ్, ఇండియాకు రెండు ఆసియా క్రీడల బంగారాలు తెచ్చినాయన. అయితే నాన్నగారు మీకు చెప్పని భాగం ఒకటుంది, అది ఈసారి మీరే అడగండి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ రహీం సాబ్ టీమే యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే కోచ్ టీమును నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడు. 1962లో కూడా మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాకు 0-2తో ఓడిపోయి, ఫైనల్లో ఆ కొరియానే 2-1తో గెలిచారు. 1952 జూలైలో మీ గ్రూపు ఉండి ఉంటే ఆ రాత్రి “చెప్పానా?” అన్నది ఎవరో నాకు అనుమానం లేదు. దీన్నిబట్టి జమీల్ కూడా రహీం సాబ్ అవుతాడని నేననడం లేదు. ఆ లెక్కన ఓడిన ప్రతి కోచ్‌నూ నాలుగేళ్ళు భరించాలి. నాన్నగారితో పేచీ తగ్గడానికి ఒక దారి చెబుతున్నాను, అంతే. ఆయన కథ చెబుతుంటే అడ్డం వెళ్ళకుండా, ఓడిపోయిన మ్యాచ్‌ల గురించి అడగండి.

ఇక మీరేం చేయవచ్చో చూద్దాం.

మొదటిది, ఏమీ చేయకుండా ఉండటం. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి, చాలామంది చేసేది ఇదే. ఎవరి పెళ్ళిలోనో ఎదురుపడతారు, “బాగున్నవా” అంటారు, మెల్లగా కలుస్తారు. కాకపోతే దానికి రెండేళ్ళు పట్టవచ్చు. మీ వాడికి ఇప్పుడు పదకొండు. ఆ రెండేళ్ళు పిల్లాడి ఆటలోంచి పోతాయి, మీ ఖాతాలోంచి కాదు.

రెండోది, నాన్నగారిని మధ్యవర్తిగా పంపడం. ఇంట్లో అందరూ ఇదే అంటున్నారని రాశారు. ఆయన వెళ్తే మీ స్నేహితుడు కాదనలేడు, చాయ్ తాగుతాడు, “సరే పెద్దనాన్నా” అంటాడు. పెద్దాయన మొహం చూసి ఒప్పుకున్నది ఒప్పుకోవడం కాదు. పైగా మీరు అన్న మాటకు మీ నాన్న వెళ్ళి తల వంచడం మీకే తర్వాత బాధనిపిస్తుంది. అవసరమైతే ఆయన్ను రెండో విడతకు ఉంచుకోండి.

మూడోది, గ్రూపులో అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం. అందరి ముందు అన్న మాట కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకోవాలి, ఇది న్యాయం. కానీ వరస ముఖ్యం. ఆయన ఇప్పుడు గ్రూపులో లేడు. ముందుగా అక్కడ పెడితే మళ్ళీ ఏ పుణ్యాత్ముడో స్క్రీన్‌షాట్ తీసి పంపుతాడు, దాని కింద నలుగురు వేసిన నవ్వు బొమ్మలతో సహా. ఆయనకు చెప్పాల్సిన మాట ఆయనకు మూడో మనిషి ఫోన్లోంచి చేరుతుంది. ముందు మనిషిని కలవండి. తర్వాత రెండు లైన్లు గ్రూపులో రాయండి, వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు. మీ గొంతు సంగతి మీకు తెలిసిందే.

నాలుగోది, గ్రౌండుకు నేరుగా వెళ్ళడం. నా మనసు దీని వైపే మొగ్గుతోంది, అయితే ఇందులో ఖర్చు ఎక్కువ. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు చూస్తుంటారు. ఆయన మీతో మాట్లాడకపోవచ్చు. ఈల ఊదుకుంటూ అటు తిరిగి నిలబడవచ్చు. “ఎందుకొచ్చినవ్” అని అందరి ముందు అనవచ్చు. అంటే పడండి. మీరు అరవై మంది ముందు అన్నారు, ఆయన ఇరవై మంది ముందు అంటాడు, అప్పటికీ మీదే మిగులు. వెళ్ళినప్పుడు జమీల్ ఊసెత్తకండి. “నేనన్నదాంట్లో కోచ్ సంగతి కరెక్టే గాని...” అని మొదలుపెట్టారా, తిరిగి ఇంటికొచ్చేయడం మేలు. ‘గాని’ లేకుండా ఒక్క వాక్యం ఇంట్లో రాసుకుని వెళ్ళండి. “కోన్ల మాట అనకుండా ఉండాల్సింది. నీ పని నాకు తెలుసు, తెలిసి అన్నాను.” ఇంతే. ఆ తర్వాత ఆయన ఇష్టం.

వేరే అకాడమీలో చేర్పించే ఆలోచన ఉందని చివరి పేజీలో ఒక మూల రాశారు. చేర్పించవచ్చు, పచ్చగడ్డి ఉంటుంది, ఫీజు నాలుగింతలు ఉంటుంది. మీ అబ్బాయి నాలుగు రోజుల్లో అలవాటు పడతాడు. కానీ ఆ కబురు మీ స్నేహితుడికి ఎలా వినబడుతుందో ఆలోచించండి. కోన్ల మాట నోటితో అన్నది మొదటిసారి, చేతితో అన్నది రెండోసారి అవుతుంది. ఆ తర్వాత క్షమాపణకు కూడా చోటుండదు. మీకు రాజీ కుదిరినా కుదరకపోయినా పిల్లాడిని మాత్రం ఈ వారం నుంచే పంపండి, తాతయ్య వెంట అయినా సరే. పెద్దవాళ్ళ అలక వాడి బ్యాగు మీద పెట్టకూడదు. మీ స్నేహితుడు మీ మీద కోపంతో వాడిని వెనక్కి పంపే మనిషి కాదని మీ ఉత్తరమే చెబుతోంది. ఫీజు ఇవ్వని పిల్లలనే పంపనివాడు.

గ్రూపు సంగతి చిన్నది. అడ్మిన్‌గా దిగిపోతే ఒక రోజు చర్చ, రెండో రోజు ఇంకొకడు అడ్మిన్. అందులో త్యాగమేమీ లేదు, పైగా అలిగి వెళ్ళినట్టుంటుంది. ఉంటే మాత్రం ఒక పని చేయవచ్చు. ఇండియా ఓడిన రాత్రి తెల్లారేదాకా గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి, ఆ రాత్రి మీ ఫోన్ మీ భార్యకు ఇవ్వండి. కొత్త కోచ్ ఎవరొచ్చినా మొదటి వారం ఎవరికైనా మండుతుంది, అది అభిమానుల జాతకం. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌లో కోచ్ క్లాప్ వెళ్ళి స్లాట్ వచ్చినప్పుడు అక్కడివాళ్ళూ గొణిగారు, ఏడాది తిరక్కుండా లీగ్ గెలిచారు. మీరు గొణగడం మానలేరు, మానమని నేను అడగను కూడా. మీరు గొణిగే కోచ్‌కు మీ గొంతు వినబడదు, పక్కనున్న కోచ్‌కు వినబడుతుంది. అది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

శనివారం సాయంత్రం అబ్బాయి బ్యాగు సర్దుతాడు కదా, ఈసారి బంతికి గాలి మీరు కొట్టండి. ఆదివారం పొద్దున ఆరింటికి, మిగతావాళ్ళు రాకముందే, ఆ బ్యాగు మీరే పట్టుకుని వెళ్ళండి. ఆ వేళకు ఆయన ఒక్కడే ఉంటాడు, సంచిలోంచి కోన్లు తీసి వరసగా పెట్టుకుంటుంటాడు. మీ వాక్యం చెప్పేయండి. ఆయన ఏమీ అనకుండా ఓ అయిదారు కోన్లు మీ చేతికిచ్చి అవతలి గోల్‌పోస్టు వైపు చూపిస్తే, వెళ్ళి పెట్టండి. ఎంతెంత దూరంలో పెట్టాలో ఆయన్నే అడగండి.